నొక్కు, ఎత్తు

కొరలీ బెస్సే నెలకి రెండు జతల బ్రేకు రబ్బర్లు అరగదీస్తోందన్న సంగతి తియేర్ ఊళ్ళో ఎవరికీ తెలియదని ఆమె నమ్మకం. ఒక జత ఊళ్ళోనే, సైకిల్ క్లబ్బువాళ్ళంతా వెళ్ళే దుకాణంలో కొనేది. రెండో జత క్లెర్మోఁలో కొనేది, పనిమీద వెళ్ళినప్పుడు. అరిగినవాటిని ఇంట్లో చెత్తబుట్టలో వేయకుండా తను పనిచేసే కర్మాగారానికి పట్టుకెళ్ళి, ఉక్కు తుక్కు వేసే డబ్బాలో అడుక్కి తోసేసి వచ్చేది.

ముప్ఫై మూడేళ్ళ మనిషి, ఒక బిడ్డ తల్లి, ఇలా దొంగచాటు పనులు చేయడానికి కారణం సిగ్గు. పన్నెండేళ్ళుగా క్లబ్బులో ఆమె పేరు 'రాయి'. కొండ మీంచి వదిలితే రాయి ఎలా దిగుతుందో అలా దిగేదని. ఎక్కేటప్పుడు అందరికంటే నీరసంగా ఉన్నవాళ్ళు ముందుండాలి, దిగేటప్పుడు అందరికంటే ధైర్యం ఉన్నవాళ్ళు ముందుండాలి, ఇదీ ఆ క్లబ్బు కట్టుబాటు. కొండ దిగే ప్రతిసారీ ముందు కొరలీ, ఆమె వెనక చక్రం మీద చూపు పెట్టుకుని మిగతావాళ్ళు.

లీజ్ పుట్టాక మూడో నెలలో మళ్ళీ సైకిలెక్కింది. ఊరి పైనున్న చిన్న వాలు అది, చిన్నపిల్లలు కూడా దిగే వాలు. సగం దూరం వచ్చాక ఆమె చేతులు వాటంతటవే బ్రేకులు పట్టుకున్నాయి. వేగం రెట్టింపైతే తాకిడి నాలుగింతలవుతుందని ఆమె పదిహేనో ఏట బడిలో నేర్చుకుంది. అంతకాలం అది కాగితం మీది లెక్క. ఆ రోజు ఆ లెక్కలో తన ఎముకలు కనిపించాయి. ఆమె ఉద్యోగం కత్తుల కర్మాగారంలో. కొలిమిలోంచి వచ్చిన ఉక్కుకి తగిన గట్టిదనం వచ్చిందో లేదో చూడాలి. రోజూ ఇరవై కత్తులు కావాలని విరిచి, విరిగిన అంచుని భూతద్దం కింద పెట్టి చూసేది. ఇప్పుడు ప్రతి మలుపులోనూ తనని ఎవరో అలా విరిచి అద్దం కింద పెట్టినట్టుండేది. ఆ వెంటనే లీజ్ గుర్తొచ్చేది, ఉయ్యాల తొట్టిలో నిలబడి తలుపుకేసి చూస్తూ.

ఎవరికీ చెప్పలేదు. భర్త యనిక్‌కి కూడా.

ఈస్టర్‌కి జట్లు జట్లుగా ప్రొవాంస్‌కి తొక్కుకుంటూ పోవడం అక్కడివాళ్ళకి పాత అలవాటు. ఎవరి ఊరినుంచి వాళ్ళు, ఎవరికి నచ్చిన దారిలో వాళ్ళు. నియమాలు మాత్రం అందరికీ ఒకటే. ఇరవై నాలుగు గంటల్లో మూడువందల అరవై కిలోమీటర్లు తగ్గకూడదు. ఎక్కడా రెండు గంటలకి మించి ఆగకూడదు. చివరి రెండు గంటల్లో కనీసం ఇరవై ఐదు కిలోమీటర్లు తొక్కాలి, ముందే వచ్చేసి నిద్రపోకుండా. అన్నిటికంటే ముఖ్యం, చివరికి మూడు సైకిళ్ళయినా కలిసి చేరాలి. రెండే చేరితే ఎవరూ చేరనట్టే లెక్క.

ఆ ఏడు వాళ్ళ జట్టులో నలుగురు. బయల్దేరడానికి వారం ముందు నాలుగో మనిషి రేగుచెట్టు కొమ్మలు కత్తిరిస్తూ నిచ్చెన మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మిగిలింది ముగ్గురు. కొరలీ, రొట్టెల కొట్టు రెమి, డెబ్బై రెండేళ్ళ అబెల్.

ఇక ఎవరికీ తప్పుకునే వీలు లేదు. ఆ సంగతి తెలిసిన సాయంత్రమే కొరలీ అబెల్ ఇంటికి వెళ్ళింది, ఉన్నదున్నట్టు చెప్పేద్దామని.

అబెల్ నలభై ఏళ్ళు కత్తులకి సాన పట్టినవాడు. కొరలీ తాత, అతనూ ఒకే షెడ్డులో, నది మీద వేసిన పలకల మీద బోర్లా పడుకుని, ముక్కు కింద సానరాయి తిరుగుతుంటే పనిచేసేవారు. కాళ్ళు కొంకర్లు పోకుండా పిక్కల మీద ఒక కుక్కని పడుకోబెట్టుకునేవారు. అబెల్‌ని మొదట్లో ఆమె 'మీరు' అంది. "సైకిలెక్కాక 'మీరు' లేదు పిల్లా. గుంటలో పడ్డప్పుడు 'లేవండి' అనేలోపు లారీ వచ్చేస్తుంది" అన్నాడు. అప్పటినుంచీ నువ్వే.

అతని గరాజులో గోడకి ఇరవై నాలుగు ఈస్టర్ పతకాలు, మేకులకి వేలాడుతున్నాయి. ఇరవై ఐదో మేకు ముందే కొట్టి ఉంది.

"ఇదే ఆఖరు" అన్నాడు అబెల్, ఆమె చూపు ఎటు పోయిందో గమనించి. "మా అమ్మాయికి మాటిచ్చా. ఎడమకన్ను మసకబారిపోయింది. దిగేటప్పుడు మలుపు ఎంత దూరంలో ఉందో తెలియడం లేదు. నీ వెనక చక్రం కనిపిస్తే చాలు, రోడ్డుతో నాకు పనిలేదు."

కొరలీ కాఫీ తాగి, ఏమీ చెప్పకుండా ఇంటికొచ్చింది. ఆ రాత్రి కొత్త బ్రేకు రబ్బర్లు వేసుకుంది.

*

గుడ్ ఫ్రైడే ఉదయం ఏడింటికి తియేర్‌లో బయల్దేరారు. అంబేర్ దాకా చలి, ల పుయీ దాకా ఎండ. ఎక్కినంతసేపూ కొరలీకి హాయిగానే ఉంది. ఎక్కేటప్పుడు భయం ఉండదు, ఆయాసమే ఉంటుంది. రెమి దారంతా వాగుతూనే ఉన్నాడు. తను కాల్చిన బాదం రొట్టెలు ప్రతి నలభై కిలోమీటర్లకీ ఒకటి చొప్పున పంచుతూ, తీసుకోనివాళ్ళని తిడుతూ.

సాయంత్రం ఏడు కావస్తుండగా షవాద్ కనుమ ఎక్కారు. నూట ఎనభై నాలుగు కిలోమీటర్లయ్యాయి. వెలుతురింకా ఉంది. రోడ్డు పక్కన నల్లబడిన పాతమంచు. మిస్త్రాల్ అనే ఉత్తరపు గాలి అప్పటికే వీచడం మొదలుపెట్టింది. ఎదురుగా లోయ. అక్కణ్ణుంచి రోడ్డు పదమూడు కిలోమీటర్లు ఎనిమిదివందల మీటర్ల లోతుకి దిగుతుంది. అది పెద్దరోడ్డు. లారీలు పండగని ఆగవు.

"కోటు గుండీలు పెట్టుకోండి" అన్నాడు అబెల్. "రాయి దొర్లబోతోంది."

"రాయీ, కాస్త నెమ్మదిగా దొర్లు తల్లీ" అన్నాడు రెమి. "రెండేళ్ళ కిందట నీ వెనక వచ్చి నా టోపీ పోగొట్టుకున్నా. ఆ టోపీ మా అత్తగారిది."

కొరలీ నవ్వడానికి ప్రయత్నించింది. పెదాలు పళ్ళకి అంటుకుపోయాయి. ఇప్పుడు చెప్పొచ్చు అనుకుంది. ఇప్పుడు చెబితే మరొకరు ముందుకి రావాలి. రెమి దిగడం ఎలాగంటే, మలుపు మధ్యలో గీత దాటి అవతలి వైపుకి పోతాడు. అబెల్ వాణ్ణి అనుసరిస్తే ఎదురొచ్చే లారీ కిందకే. తనని అనుసరిస్తే తను పడ్డచోటే పడతాడు, తన మీద.

బయల్దేరింది.

మొదటి మలుపుకి ముందే చేతులు బ్రేకుల మీద బిగుసుకున్నాయి. ఇక వదల్లేదు. గాలి వీపుని నెడుతోంది, చేతులు వెనక్కి లాగుతున్నాయి. వెనక అబెల్ ఫ్రీవీల్ టకటకమని వినిపిస్తోంది, గజం దూరంలో. ఒక లారీ దాటిపోయింది. దాని గాలికి సైకిల్ మొదట రోడ్డు మధ్యకి ఊగి, మళ్ళీ రోడ్డంచు గోడకేసి ఊగింది. ఆమె ఇంకా గట్టిగా నొక్కింది. మూడో కిలోమీటరు రాయి. ముంజేతులు మంటలు. నాలుగో రాయి. తొట్టిలో లీజ్ నిలబడి తలుపుకేసి చూస్తోంది. యనిక్ ఏం చెబుతాడు దానికి, దానికి మాటలే రావు కదా, ఏమని చెబుతాడు.

అప్పుడొక వాసన వచ్చింది. కాలిన రబ్బరు, దాని వెనక వేడెక్కిన లోహం. రోజూ ముక్కుకి తగిలే వాసనే. అది ఎక్కణ్ణుంచి వస్తోందో ఆమెకి తట్టలేదు.

"వదులు పిల్లా" అని వెనకనుంచి అబెల్ అరిచాడు. "కాలుతోంది, వదులు."

ఆ మాట వింది. వదలమని చేతులకి చెప్పింది కూడా. అవి వినలేదు.

ముందు చక్రం తుపాకీ పేలినట్టు పేలింది. హ్యాండిల్ ఒక్కసారి అడ్డం తిరిగింది. ఆమె కొండవైపుకి, కంకరలోకి, అక్కణ్ణుంచి మంచునీళ్ళ కాలవలోకి పోయింది. నెమ్మదిగా పోతోంది కాబట్టి బతికింది. వెనక అబెల్ కాలు నేలకీడ్చి, భుజం గోడకి రాసుకుని ఆగాడు. అంగీ మోచేతి దగ్గర చిరిగింది.

కొరలీ కాలవలో కూచుని మొదట కాళ్ళు కదిపి చూసుకుంది, తర్వాత మెడ. ఆ తర్వాత, ఏమైందో నమ్మలేనట్టు, చక్రం అంచుని చూపుడువేలితో తాకింది. చర్మం చుయ్‌మంది.

వాళ్ళని దాటి కిందికి పోయిన రెమి వెనక్కి ఎక్కి వచ్చాడు. చక్రం దగ్గర చెయ్యి పెట్టి, దూరంనుంచే తీసేసుకున్నాడు. "నా పొయ్యి కూడా ఇంత వేడెక్కదు. నువ్వు రాయివి కాదు తల్లీ, ఇస్త్రీపెట్టెవి."

ఎవరూ నవ్వలేదు.

"లోహం చల్లారాలి" అన్నాడు అబెల్. "ఇప్పుడు ట్యూబు వేస్తే అదీ పోతుంది. కూచోండి."

ముగ్గురూ గోడ చాటున కూచున్నారు. కొరలీకి పళ్ళు టకటకలాడుతున్నాయి. వేలు కాలవ నీళ్ళలో పెట్టుకుని చెప్పేసింది. పదకొండు నెలలుగా ఇలాగే ఉందని, ప్రతి ఆదివారం ఏదో సాకు చెప్పి వెనకబడేదాన్నని, కింద మేర్ ఊళ్ళో ఆగిపోయి యనిక్‌ని కారు తీసుకురమ్మంటానని.

"పదకొండు నెలలా?" అన్నాడు రెమి. "పోయిన ఆదివారం నీకు కడుపు నొప్పన్నావు. నా సోంపు బిళ్ళలన్నీ తినేశావు."

"ఆ నొప్పి లేదు రెమి."

"బిళ్ళలు మాత్రం ఉన్నాయి కదా. పెట్టె మొత్తం."

అబెల్ తన సంచిలోంచి పాత టైరు ముక్క తీసి, పేలినచోట లోపలివైపు పెట్టి కొలత చూసుకుంటున్నాడు.

"నాకు ఇరవై ఐదు కావాలి" అన్నాడు చివరికి. "అక్కర్లేదని అబద్ధం చెప్పను. మేకు కొట్టుకున్నా. కానీ నువ్వు ఆగిపోతానంటే ఒక్క మాట అనను. నీ కూతురి ముందు నిలబడి మాట్లాడే మొహం నాకుండాలి."

కొరలీ ఏడవలేదు. ఏడవడానికి కూడా భయంగానే ఉంది, ఒళ్ళు పట్టు తప్పుతుందేమోనని.

"ఒక్కటి చెప్పు" అన్నాడు అబెల్. "సాన మీద కత్తి పెట్టి, ఎత్తకుండా అలాగే నొక్కి ఉంచితే ఏమవుతుంది?"

"నీలం తిరుగుతుంది."

"తిరిగితే?"

"గట్టిదనం చచ్చిపోతుంది. పారేస్తాం."

"మరి ఎలా పట్టాలి?"

ఆమెకి తెలుసు. ఆరేళ్ళ వయసులో తాత షెడ్డులో విన్నది. "నొక్కాలి, ఎత్తాలి."

"నీ జీతం దేనికిస్తున్నారో మీ కర్మాగారంవాళ్ళు" అన్నాడు అబెల్. "నువ్వు భయపడి నొక్కే పెట్టావు. అందుకని మెల్లగా పోయావు. మెల్లగా పోతే గాలి తగలదు. గాలి తగలకపోతే ఆ వేడి ఎక్కడికి పోతుంది?"

నిజమే. ఎనిమిదివందల మీటర్ల ఎత్తునుంచి తనూ సైకిలూ దించుకొస్తున్న శక్తంతా ఏమవుతుందో ఆమె కాగితం మీద వేసి చూపించగలదు. అంతా ఆ చక్రం అంచు సన్నటి రేకులోకి పోసింది. ఇంకో మూడు మలుపులు ముందుకెళ్ళి, గోడలేని చోట పేలి ఉంటే? పక్కకి తిరిగి కక్కుకుంది.

రెమి నీళ్ళ సీసా అందించాడు. "బాదం రొట్టె వృథా చేశావు" అన్నాడు, మెల్లగా.

"ఆగిపోను" అంది కొరలీ నోరు కడుక్కుని. "కానీ నా చేతులు నా మాట వినవు అబెల్. ఇందాకా విన్లేదు."

"నా మాట వింటాయేమో చూద్దాం."

*

కనుమ మీద గంట పోయింది. వాళ్ళ లెక్కలో మిగులుగా ఉన్నది ఆ గంటే.

మళ్ళీ కొరలీయే ముందు, వెనక అబెల్, చివర రెమి. వెలుతురు తగ్గుతోంది. మలుపు దగ్గరపడగానే వెనకనుంచి కేక వచ్చేది, "నొక్కు." ఆమె రెండు చేతులా నొక్కేది. "ఎత్తు." వేళ్ళు విప్పేది. విప్పిన ప్రతిసారీ సైకిల్ కిందికి దూకేది, అరుద్దామనుకునేలోపు మళ్ళీ "నొక్కు." మలుపు తనకి కనబడదు కాబట్టి అబెల్ ఆమె భుజాలని చూసి చెబుతున్నాడు. భుజాలు బిగిస్తే మలుపొచ్చినట్టు. మిగతాదంతా నలభై ఏళ్ళ సాన. భయం ఏమీ పోలేదు. కానీ అంతవరకూ ఎడతెగకుండా ఉన్న భయం ఇప్పుడు ముక్కలు ముక్కలుగా వస్తోంది. రెండు ముక్కల మధ్య ఊపిరి పీల్చుకోవడానికి చోటుంది.

ప్రతి మూడు కిలోమీటర్లకీ ఆగి చక్రాలు తడిమి చూసుకున్నారు. మేర్‌లో దీపాలు వెలిగేసరికి అబెల్ గొంతు బొంగురుపోయింది. ఒబెనా చేరేసరికి మాటే లేదు. అక్కడి హోటల్లో సూప్ ఇచ్చే ఆవిడతో చేతులతో మాట్లాడాడు.

"ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి ఈయన నోరు మూతపడింది" అన్నాడు రెమి. "పతకం కొరలీకివ్వాలి."

రాత్రంతా తొక్కారు. మైదానంలో మిస్త్రాల్ వీపుమీద చెయ్యేసి నెట్టింది. ఐదింటికి, అంటే ఇరవై రెండో గంటకి, కార్పాంత్రాలో ఒక హోటలు గుమాస్తాని లేపి ఆ వేళకి అక్కడున్నట్టు సాక్ష్యంగా కార్డు మీద ముద్ర వేయించుకున్నారు. జట్లన్నీ కలిసే ఊరు ఇంకా ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. మధ్యలో ఒక గుట్ట. గంట ముందొచ్చి ఉంటే నడుచుకుంటూ దాటొచ్చు. ఇప్పుడు అంత తీరిక లేదు.

గుట్ట ఎక్కేసరికి ఆరూ నలభై మూడు. ఎక్కేటప్పుడు ముందున్నది అబెల్. నీరసంగా ఉన్నది అతనే. పైన సీటు మీంచి దిగకుండా రోడ్డు పక్కనున్న స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ముఖం సుద్దలా ఉంది. కింద ఊరు కనిపిస్తోంది. ఐదు కిలోమీటర్ల వాలు, తర్వాత కాస్త చదును. సూర్యుడు సరిగ్గా ఎదురుగా లేచాడు.

అబెల్ చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. తల అడ్డంగా ఊపి, తన కుడికన్నుకేసీ సూర్యుడికేసీ చూపించాడు. ఉన్న ఒక్క కన్నూ ఆ వెలుగులో పనిచేయడం లేదు. ఆమె చక్రం కనబడదు. ఇక కొరలీకి కేక వేసేవాడు లేడు, అతనికి చూపు లేదు.

ఈసారి వెనకనున్నది తన భయాన్ని మోసే మనిషి కాదు, తను మోయాల్సిన మనిషి. పడితే ఇద్దరూ. సెకనుకి పన్నెండు మీటర్లు, పదిహేను మీటర్లు, కింద రాళ్ళు. లెక్క మొదలైంది. ఆ లెక్క పూర్తయ్యేలోపే కొరలీ మాట్లాడింది, లేకపోతే మాట్లాడలేనని తెలుసు.

"నేను చెబుతా. నువ్వు విను. నేను నొక్కమన్నప్పుడు నొక్కు."

అబెల్ తల ఊపాడు.

"గట్టిగా చెప్పు" అన్నాడు రెమి. "నాకూ భయంగానే ఉంది. ఎవరికీ చెప్పకు."

మొదటి మలుపు. "నొక్కు." సన్నటి గొంతు, వణుకుతూ. "కుడికి. ఎత్తు." వెనక టకటక శబ్దం అలాగే, గజం దూరంలో. బ్రేకు పట్టుకుని ఉండిపోవాలని వేళ్ళు ప్రాధేయపడ్డాయి. కానీ నోటితో 'ఎత్తు' అన్నాక ఎత్తకపోతే వెనకవాడు వచ్చి గుద్దుతాడు. అందుకని ఎత్తింది. ధైర్యం వచ్చి కాదు. చెప్పింది చేయకపోతే అతను చస్తాడని. "నొక్కు. ఎడమకి. ఇసకుంది, ఇసకుంది, ఎత్తు." ఏడుస్తున్న గొంతుతోనే, ఐదు కిలోమీటర్లూ, ఒక్క మలుపు వదలకుండా చెప్పింది.

ఊళ్ళోకి వచ్చి, తెరిచి ఉన్న మొదటి కొట్టు ముందు దిగారు. అది మాంసం కొట్టు. నెత్తుటి ఏప్రన్‌తో ఒక ముసలమ్మ కార్డులు తీసుకుని, కళ్ళజోడు వెతుక్కుని, గడియారం చూసి, టైము వేసింది. ఆరూ యాభై ఎనిమిది.

"మూడు సైకిళ్ళేనా?" అని అడిగింది.

"మూడు" అన్నాడు రెమి. "ఒకటి కాస్త మాడింది."

*

కారులో ముందే వచ్చిన యనిక్ చర్చి మెట్ల దగ్గర లీజ్‌ని ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. అబెల్ అప్పటికే అరుగు మీద వెల్లకిలా పడుకుని, గుండెలమీద కార్డు పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. రెమి అతని బూట్లు విప్పుతున్నాడు.

"ఎలా జరిగింది?" అన్నాడు యనిక్.

"ఒక పంచరు" అన్నాడు రెమి తలెత్తకుండానే.

"పంచరు కాదు" అంది కొరలీ. "భయపడ్డాను. బ్రేకు వదల్లేకపోయాను. చాలా రోజులుగా భయపడుతున్నా యనిక్, లీజ్ పుట్టినప్పటినుంచీ."

యనిక్ బిడ్డని ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"తెలుసు" అన్నాడు. "రబ్బర్లు తరచుగా కొత్తవి కనబడుతున్నాయి. ఆదివారం సైకిల్ కడిగేది నేనే కదా. అడిగితే మానేస్తావేమోనని అడగలేదు. అడక్కపోతే పడిపోతావేమోనని రాత్రి నిద్రపోలేదు."

లీజ్ తల్లిని చూసి రెండు చేతులూ చాచింది. కొరలీ కూడా చాచింది, మధ్యలో ఆపేసింది. వేళ్ళు బ్రేకు పట్టుకున్నట్టే వంగిపోయి ఉన్నాయి. తెరుచుకోవడం లేదు.

"ఎత్తుకోలేను" అంది. "జారిపోతుంది."

"కూచో అయితే."

మెట్టు మీద కూచుంది. యనిక్ బిడ్డని తెచ్చి ఒళ్ళో పెట్టి, తన చెయ్యి మాత్రం తీయకుండా బిడ్డ వీపు వెనకే ఉంచాడు. లీజ్ ఆ వంకర వేళ్ళని కొత్త బొమ్మని చూసినట్టు చూసింది. ఒక్కొక్కటే పట్టుకుని విప్పడం మొదలుపెట్టింది. చిటికెనవేలు. ఉంగరపు వేలు. బొబ్బెక్కిన చూపుడువేలు దగ్గరికి వచ్చేసరికి కొరలీ ఊపిరి బిగబట్టింది, చెయ్యి మాత్రం లాక్కోలేదు.